ప్రచారకర్తను ఎక్కడ వెదకవలె?

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయిన తరువాత, భోజనాలకు ముందు మాట్లాడవలసిన వానికి రెండు కష్టాలున్నవి. తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని విన్న చెవులకు మరొక మాట ఎక్కదు. పైగా వెనుక గదిలో నుంచి పులిహోర తాలింపు వాసన వచ్చుచుండగా ఎంతటి వక్త అయినా ఓడిపోవలసినదే. మేము వక్తలము కూడా కాము. తోరణగల్లు గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనే వారము. చదువు మెట్రిక్కుతో ఆగినది. అయినా కార్యదర్శిగారు ఈ విషయం మీద మేమే మాట్లాడవలెనని పట్టుపట్టినారు. కారణమేమనగా, పోయిన ఏడు మన తారానగర్‌లో జరిగిన ఒక నష్టానికి మూలం మేమే. ఆ సంగతి మీలో సగం మందికి సగం తెలుసు. మిగిలిన సగం ఈనాడు చెప్పుతాము.

మన సంఘంలో ఒక సోదరి ఉన్నారు. వారి పేరు చెప్పము, వారు వద్దన్నారు. మేము అక్కయ్యగారూ అని పిలుస్తాము. ఆమె భర్త ఇనుప ఖనిజం తోలే లారీకి డ్రైవరు. 2011 జూలైలో సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకాన్ని నిలిపివేసినపుడు ఈ ప్రాంతంలో ఎన్ని లారీలు రోడ్డు ప్రక్కన నిలిచిపోయినవో మీరు చూచినారు. ఆ లారీలలో వారిదొకటి. ఆ సంవత్సరమే ఆమె పచ్చళ్ళు పెట్టడం మొదలుపెట్టినారు. మొదట ఫ్యాక్టరీలో పని చేసే బ్రహ్మచారుల గదులకు, తరువాత రెండు మెస్సులకు, ఆ తరువాత సండూరు, హొసపేట అంగళ్ళకు. ఆవకాయ, గోంగూర, చింతకాయ, కాకరకాయ. ఇద్దరు పిల్లలను ఆ సీసాలే చదివించినవి.

పోయిన ఏడు ఆమె ఇంకొక మెట్టు ఎక్కదలచినారు. "తమ్ముడూ, సరుకు బాగున్నదని తిన్నవారంటారు. తిననివారికి తెలిసేదెట్లు? ఎవరైనా తెలిసినవారుంటే చూడు" అన్నారు. సరిగా ఆ వారంలోనే మా గూడ్సు ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చినాడు. ఎవరో పార్టీకి సంబంధించిన పని మీద వచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాట. జేబులో నుంచి తీసిన కార్డు మీద పబ్లిసిటీ, మీడియా, బ్రాండు అని ఏవేవో ఉండి, అడుగున ఒక పెద్ద వృత్తి సంఘంలో సభ్యుడని అచ్చు వేసి ఉన్నది. టీ తెప్పించినాము. ఆ సాయంత్రమే వెంటబెట్టుకొని అక్కయ్యగారి ఇంటికి మేమే తీసుకుపోయినాము.

గూడ్సు ఆఫీసులో మా పని ఏమిటో మీకు ఒక మాట చెప్పవలె. వాగను నింపేవారు ఫార్వార్డింగ్ నోటు మీద సరుకు పేరు, బరువు రాసి సంతకం చేస్తారు. రాసినదొకటి, లోపల ఉన్నదొకటి అయితే రైల్వే చట్టంలో దానికి శిక్ష ఉన్నది. అందుచేత మేము ఎవరు ఏమి రాసినా నమ్మము. తూకం వేసి చూస్తాము. అట్టి మేము ఒక మనిషి తన కార్డు మీద రాసుకున్నదాన్ని తూకం వేయకుండా దిగుమతి చేసుకున్నాము.

ఆయన రెండు విడతలుగా 30,000 రూపాయలు పుచ్చుకున్నాడు. మూడు పేపర్లలో వార్త, ఒక టీవీలో కార్యక్రమం గ్యారంటీ అన్నాడు. 5,000 కరపత్రాలు అచ్చు వేయించినాడు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. సీసాలకు రంగురంగుల లేబులు వేయించినాడు. కాకరకాయ పచ్చడి సీసా మీద "షుగరు వ్యాధిని తగ్గించును" అని, దాని క్రింద "వైద్యుల సిఫారసు" అని పెద్ద అక్షరాలతో వేసినాడు. అక్కయ్యగారు "ఏ వైద్యుడు బాబూ?" అని అడిగితే, "ప్రచారంలో అట్లాగే రాస్తారమ్మా" అన్నాడట. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. వచ్చినది ఆహార భద్రతాధికారులు. లేబులు చూచినారు, నోటీసు ఇచ్చినారు, అమ్మకం ఆపించినారు. అప్పటికి ఆ మనిషి ఫోను పలకడం మానేసి నెల అయినది.

ఆ రాత్రి అక్కయ్యగారి ఇంట్లో నేల మీద కూర్చొని 140 సీసాలకు వేడినీళ్ళ గుడ్డతో లేబుళ్ళు ఊడబెరికినాము, వారి పిల్లలు, మా ఇంటామె, మేము. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తరువాత చట్టం తెలిసినవారిని అడిగితే ఒళ్ళు జలదరించినది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం క్రింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చునట. అదిగాక మందుల, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టమని 1954 నుంచి ఒకటి ఉన్నది. ఫలానా జబ్బులను నయం చేస్తామని మందులకు గాని మరే వస్తువుకు గాని ప్రకటన ఇవ్వరాదని అందులో ఉన్నది, ఆ జబ్బుల పట్టికలో మధుమేహం ఉన్నది. రాసినవాడు పోయినాడు. సీసా మీద ఉన్నది అక్కయ్యగారి పేరు. నోటీసు వచ్చినది కూడా ఆ పేరుకే. ఈ ముక్క వ్యాపారం చేసే మనవారందరూ గుర్తుంచుకోవలె. ప్రచారకర్త నోటితో అన్న మాటకు జవాబు చెప్పవలసినది సరుకు యజమాని.

ఆ తరువాత మేము చేసిన మొదటి పని, ఆ కార్డు మీద ఉన్న సంఘానికి ఒక ఉత్తరం రాయడం. పది రోజులకు జవాబు వచ్చినది. ఆ పేరుగల సభ్యుడు తమ పట్టికలో లేడని రెండు వాక్యాలు రాసినారు. ఒక కార్డు, ఒక ఉత్తరం, పది రోజులు. ముందే రాసి ఉంటే 30,000 రూపాయలు మిగిలేవి. ఈ ప్రసంగమంతా ఆ ఉత్తరంలో నుంచి పుట్టినదే. ఇట్టి సంఘాలు అసలెందుకున్నవి, వాటివల్ల చిన్న వ్యాపారికి ఏమి ప్రయోజనం అని అప్పటి నుంచి దొరికినదల్లా చదివినాము, కనిపించినవారినల్లా అడిగినాము.

మొదట మాటల సంగతి. మనవారికి పి.ఆర్.వో. అనగానే సినిమా తోస్తుంది. బి.ఏ. రాజుగారు 2021లో పోయేదాకా ఎన్ని వందల చిత్రాలకు ఆ పని చేసినారో తెరమీద పేర్లు చదివేవారికి తెలుసు. అయితే ఈ పని సినిమాలో పుట్టినది కాదు. ప్రకటన అంటే డబ్బిచ్చి పత్రికలో చోటు కొనుక్కొని మన మాట మనమే చెప్పుకొనడం. పౌరసంబంధాలంటే మనల్ని గురించి ఇతరులు తెలుసుకొనేటట్టు, తెలుసుకున్నది నమ్మేటట్టు చేయడం. బళ్ళారి రాఘవగారి ఊరివారికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. నాటకం ఉన్నదని బండిమీద డప్పు కొట్టించి కరపత్రాలు పంచడం ప్రకటన. నిన్నటి ఆట చూచినవాడు పొద్దున్నే కాఫీ హోటల్లో నలుగురికీ చెప్పేటట్టు ఆడడమూ, ఆ నలుగురికీ రేపటి ఆట ఎప్పుడో తెలిసేటట్టు చూడడమూ రెండవ రకం.

మా రైల్వేకు ఇందులో పాత చుట్టరికం ఉన్నది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేవారు 1920ల నాడే ఇంగ్లండులో ప్రచారం నడిపినారు, అక్కడి యాత్రికులను ఇక్కడికి రప్పించుటకు. ఇక్కడేమో ఊరూరి తిరునాళ్ళలో ఆరుబయట సంచార సినిమా చూపించినారు. టాటావారు బొంబాయి ప్రధాన కార్యాలయంలో ఇందుకు ప్రత్యేక శాఖను 1943లో తెరచినారు. నేడు ప్రతి రైల్వే జోనుకు ఒక ముఖ్య పౌరసంబంధాల అధికారి ఉన్నారు, మా నైరుతి రైల్వేకు హుబ్బళ్ళిలో. రైలు పట్టాలు తప్పినపుడు ముందు పత్రికలవారు పిలిచేది వారినే. నిజం చెప్పడానికి ధైర్యం కావలసిన ఉద్యోగమది. మా గూడ్సు గుమాస్తా పనే నయం.

ఇక సంఘాల సంగతి. అమెరికాలో 1947లోనూ, ఇంగ్లండులో 1948లోనూ ఈ వృత్తివారు సంఘాలు పెట్టుకున్నారు. మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో మొదలై, కొన్నేండ్లు స్నేహితుల కూటమి వలె నడిచి, 1966లో రిజిస్టరు అయినది. కాళీ హెచ్. మోదీగారు దానికి స్థాపకాధ్యక్షులు. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో తొలి అఖిల భారత సమావేశం జరిపినారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ పౌరసంబంధాల దినంగా జరుపుతారు. 1969లో బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, కలకత్తాలలో శాఖలు తెరచినారు. హైదరాబాదు శాఖ మన తెలుగువారిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సమాచార శాఖలో పెద్ద పదవి చేసిన సి.వి. నరసింహారెడ్డిగారు ఈ వృత్తికి పాఠ్యగ్రంథాలు రాసి, హైదరాబాదు నుంచి ఒక పత్రిక కూడా నడిపినారు. 2001లో సలహా సంస్థలవారు, అనగా కంపెనీలు, వేరుగా ఒక సంఘం పెట్టుకున్నారు. 2004లో బెంగళూరు కేంద్రంగా పబ్లిక్ రిలేషన్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వచ్చినది.

1968 సమావేశంలో వారు చేసిన ముఖ్యమైన పని ఒక నియమావళిని స్వీకరించడం. అది 1965లో ఏథెన్సు నగరంలో అంతర్జాతీయ సంఘంవారు ఒప్పుకున్నది. నిజాన్ని మరే అవసరానికీ లొంగదీయరాదనీ, నిర్ధారించుకోవడానికి వీలులేని సమాచారాన్ని వ్యాపింపజేయరాదనీ దాని సారం. ఆ రెండు మాటలు చదివినపుడు మాకు కాకరకాయ సీసా కళ్ళ ముందు నిలిచినది. అమెరికా సంఘంవారికి 2000 సంవత్సరం దాకా ఉన్న నియమావళిలో ఇంకొక ముక్క ఉండేది. తన చేతిలో లేని ఫలితానికి సభ్యుడు హామీ ఇవ్వరాదు. పేపరులో వార్త వేయడం సంపాదకుని చేతిలో ఉన్నది. దానికి గ్యారంటీ ఇచ్చేవాడు రెండిటిలో ఒకటి అయి ఉండవలె. అబద్ధమైనా చెప్పుతూ ఉండవలె, లేక డబ్బిచ్చి వార్త వేయిస్తూ ఉండవలె. ఈ రెండవదాన్ని గురించి మన ప్రెస్ కౌన్సిలు 2010లో ఒక నివేదికే ఇచ్చినది.

మరి సంఘం ఉన్నది గదా, దాన్ని అడిగితే చాలునా? చాలదు. ఇక్కడ మనవారు మోసపోకుండా ఒక సంగతి తెలుసుకోవలె. వకీలు కావలెనంటే 1961 నాటి చట్టం క్రింద బార్ కౌన్సిల్లో పేరుండవలె. లెక్కల ఆడిటరు కావలెనంటే 1949 నాటి చట్టం ఉన్నది. ప్రచారకర్త కావడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కరలేదు. కార్డు అచ్చు వేయించుకుంటే అయిపోయినది. సంఘంలో చేరడం వారి ఇష్టం, చేరనివారిలో కూడా మంచివారుంటారు. సంఘం ఒకనిని తీసివేసినా వాడు మరునాటి నుంచి అదే పని చేసుకోవచ్చును. కాబట్టి సభ్యత్వం అనేది పోలీసు ముద్ర కాదు. మాకు తెలిసిన పోలికలో చెప్పవలెనంటే, అది పార్సిలు మీద పంపినవారి చిరునామా. లోపల ఏమున్నదో చెప్పదు. తేడా వస్తే ఎక్కడికి తిరిగి పంపవలెనో చెప్పుతుంది.

అంతమాత్రం కూడా చిన్న లాభం కాదు. ఊరు తెలియని ఊళ్ళో మనిషిని వెదకడం ఎంత కష్టమో మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? మనలో కొందరు గనుల కోసం వచ్చినారు, కొందరు ఉక్కు కోసం, మా వంటివారు రైలు కోసం. తుంగభద్ర కాలువల క్రింద మన కోస్తా రైతులు వేసుకున్న ఊళ్ళను తరాలు గడచినా క్యాంపు అనే పిలుస్తారు. వచ్చిన కొత్తలో అద్దె ఇంటికైనా, పిల్ల సంబంధానికైనా మనం ఈ సంఘానికే గదా వచ్చినాము. ఈ సంఘం ఇల్లు కట్టి ఇవ్వదు. ఫలానా వీధిలో ఫలానావారిని అడగమంటుంది. వృత్తి సంఘాలు వ్యాపారికి చేసే సాయం కూడా అటువంటిదే.

వారి వద్ద సభ్యుల పట్టిక ఉంటుంది. శాఖ కార్యదర్శికి ఉత్తరం రాస్తే, ఆహార పదార్థాల పని తెలిసినవారెవరు, చిన్న వ్యాపారుల పని పట్టేవారెవరు అని అడగవచ్చును. ఇంగ్లండులో సలహా సంస్థల సంఘమొకటి 1969లో ఏర్పడినది. వ్యాపారి తన అవసరం చెప్పుకుంటే తగిన సభ్యుల పేర్లు సూచించే ఏర్పాటును అది నడిపినది. అమెరికా సంఘంవారు 1964 నుంచి పరీక్ష పెట్టి, నెగ్గినవారికి పేరు ప్రక్కన మూడక్షరాలు ఇస్తున్నారు. మన వద్ద అంత పద్ధతి ఏర్పడకపోయినా, శాఖల సమావేశాలు ఉంటవి, ఉపన్యాసాలు ఉంటవి, బహుమతులు ఇస్తారు. ఒక మనిషి తన తోటివారి మధ్య ఎట్లా ఉన్నాడో చూడాలంటే అట్టి సమావేశానికి ఒకసారి పోయి వెనుక వరుసలో కూర్చుంటే చాలును. పెండ్లికొడుకును పెండ్లిచూపులలో కాక మరొకరి పెండ్లిలో చూడవలెనని మా నాయనమ్మ అనేది.

ఇంకొక సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. ఈ సంఘాలలో చాలామంది ప్రభుత్వరంగ సంస్థలలోనూ, పెద్ద కంపెనీలలోనూ ఉద్యోగులు. వారు బయటి పని పట్టరు, పట్టకూడదు. కాని అట్టివారిలోనే రిటైరైనవారుంటారు, ఇప్పుడిప్పుడే సొంతంగా మొదలుపెట్టిన కుర్రవారిని ఎరిగినవారుంటారు. మన వంటి చిన్నవారికి దొరికేది వారివల్లనే. సలహా సంస్థల సంఘం తలుపు తడితే నెలనెలా లక్షల లెక్క చెప్పుతారు. అది పెద్ద కర్మాగారాలకు. ఏ తలుపు మన ఎత్తుకు సరిపోతుందో ముందు తెలుసుకోవలె, లేకపోతే తల బొప్పి కడుతుంది.

మేము రెండవసారి వెదకినపుడు తప్పు ఒకటి దిద్దుకున్నాము, అది చెప్పడానికి కొంచెం సిగ్గు. మొదట హైదరాబాదుకే రాయదలచినాము. తెలుగువాడైతే మన బాధ తెలుసుకుంటాడని. అక్కయ్యగారే ఆపినారు. "తమ్ముడూ, సండూరు అంగట్లో నా సీసా కొనేది ఎవరు? కన్నడం వారు. మొదటి మనిషి వేసిన కరపత్రం వాళ్ళు చదవలేక పల్లీలు కట్టుకున్నారు" అన్నారు. ఆ మాట నిజం. 1953 అక్టోబరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరి, బళ్ళారి మైసూరులో చేరినపుడు గీత కాగితం మీద పడినది గాని నాలుకల మీద పడలేదు. ఇక్కడ తెలుగు ఇంట్లో మాట్లాడేవాడు బజారులో కన్నడం మాట్లాడుతాడు. బజారులో అమ్మే సరుకుకు బజారు భాష రావలె. మన భాషాభిమానం ఈ సభలో ఉండవలసినదే, సీసా మీద మాత్రం రెండు భాషలూ ఉండవలె. కొందరికి ఈ మాట రుచించకపోవచ్చును. సీసాలు అమ్ముకునేవారిని అడగండి.

కర్ణాటకలోని శాఖవారొకరికి ఉత్తరం రాసినాము. ఏ సరుకు, నెలకు ఎంత తయారవుతుంది, ఎంత ఖర్చు పెట్టగలము, ఏ ఊళ్ళలో అమ్మదలచినాము, ఇంతకుముందు ఏమి జరిగినది అని ఒక పేజీ రాసినాము. ఈ ఒక పేజీ రాయడానికి మాకూ అక్కయ్యగారికీ మూడు సాయంత్రాలు పట్టినది. ఆ మూడు సాయంత్రాలలో వ్యాపారం గురించి ఆమెకే తెలియని సంగతులు తెలిసినవి. గోంగూర సీసా మీద లాభం లేకుండానే రెండేండ్లు అమ్ముతున్నట్టు అప్పుడు బయటపడినది. ముగ్గురి పేర్లు వచ్చినవి. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు ఫోనులోనే ఫీజు చెప్పినారు, సరుకు ఏమిటని అడగలేదు. మూడవవారు ఒక సంస్థలో ఇదే పని చేసి రిటైరైన పెద్దమనిషి, స్వయంగా వచ్చినారు.

ఆయన మొదట భోజనం పెట్టమన్నారు. నాలుగు పచ్చళ్ళూ అన్నంలో కలుపుకొని తిన్నారు. తరువాత గంటసేపు ప్రశ్నలే. తన గొప్ప చెప్పుకోలేదు. మా తూకం ఈసారి మొదలైనది అక్కడే. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు, ఎవరు ఎక్కువ అడుగుతున్నారు అని. నెలకు ఎన్ని సీసాలు చేయగలరమ్మా అని అడిగినారు. 200 అన్నారు ఆమె. "పేపర్లో వస్తే 2,000 అడుగుతారు. లేవంటే మళ్ళీ రారు. అప్పుడు మీ డబ్బుతో మీకే చెడ్డపేరు తెచ్చినట్టు" అన్నారాయన. పేపరు మాట వచ్చే మామిడి కాలం దాకా ఎత్తవద్దన్నారు. ముందు లేబులు. రెండు భాషలలో పేరు, లోపల వేసిన దినుసులు, తయారైన తేదీ, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, 14 అంకెల రిజిస్ట్రేషను నంబరు. జబ్బు మాట ఉండరాదు. తరువాత క్యాంటీన్ల వారికి, మెస్సుల వారికి ధరల పట్టికతో ఒక ఉత్తరం. తరువాత సండూరులో లంబాణీ కుట్టుపని కొనేందుకు బయటి ఊళ్ళవారు వచ్చుచుంటారు గదా, 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ వచ్చేవారి కంటబడే చోట రెండు బల్లలు. అంతే.

ఇంత చేసి ఆయన ఒక కాగితం రాసి ఇచ్చినారు. ఏమి చేస్తాడో, ఎన్ని నెలలో, ఎంత పుచ్చుకుంటాడో, అచ్చుకు పోయే ప్రతి అక్షరమూ ముందు అక్కయ్యగారికి చూపి సంతకం తీసుకుంటాననీ, తీసిన ఫోటోలు ఆమెవేననీ. అడుగున ఏమి చేయడో కూడా రాసినారు. పత్రికలకు డబ్బివ్వను, వార్త వస్తుందని హామీ ఇవ్వను అని. మొదటి మనిషి కార్డు మీద ఉన్నవన్నీ చేస్తానన్నవే. ఈ కాగితం మీద సగం చేయనన్నవి. ఫీజు ఎంతో ఇక్కడ చెప్పము గాని, ఆ 30,000లో సగం కూడా కాలేదు.

ఆయనను ఒక సందేహం అడిగినాము. మీరు కూడా తప్పు చేస్తే మాకు దిక్కేమిటి అని. నవ్వి, "మా శాఖకు రాయండి. వాళ్ళు నన్ను జైల్లో పెట్టలేరు. కాని నేను ముప్ఫై ఏండ్లుగా నెలకొకసారి పోయి కాఫీ తాగేది వాళ్ళతోనే" అన్నారు. ఆ నియమావళి అంతటికన్నా మాకు ఈ జవాబు బాగా అర్థమైనది.

అమ్మకాలు ఎంత పెరిగినవని మీరు అడుగుతారు. కొంచెం పెరిగినవి. మూడు క్యాంటీన్లు కొత్తగా తీసుకుంటున్నవి. గోంగూర ధర సవరించినారు, ఎవరూ మానలేదు. పోయిన డబ్బు రాలేదు. అందులో సగం మేము ఇస్తామంటే అక్కయ్యగారు ఒప్పుకోలేదు. ఆఖరుకు మా ఇంటామె ఉపాయం చెప్పినది. ఆదివారాలు వారి లెక్కల పుస్తకం మేము రాస్తున్నాము.

మన సంఘం కార్యాలయంలో రెండు సంఘాల శాఖల చిరునామాలు, ఆ పెద్దమనిషి ఇచ్చిన కాగితం నకలు, పేర్లు కొట్టివేసి, ఒక ఫైలులో పెట్టినాము. జీన్సు కుట్టే షెడ్లు ఉన్న మనవారు, మెస్సు నడిపేవారు, కొత్తగా ఏదైనా మొదలుపెట్టదలచినవారు వచ్చి చూచుకోవచ్చును. ఎవరైనా కార్డు తెచ్చి చూపితే ఉత్తరం మేమే రాసి పెడతాము. చేతిరాత బాగుండదు గాని పది రోజులలో జవాబు రప్పిస్తాము.

నిన్న సాయంత్రం అక్కయ్యగారు మా ఇంటికి వచ్చి, "తమ్ముడూ, రేపు సభలో నా పేరు చెప్పకు. పచ్చడి పేరు మాత్రం చెప్పు" అన్నారు. ఎంత ఆలోచించినా అది మాకు సాధ్యపడలేదు. ఒకసారి తప్పు పరిచయం చేసినవారము, మా మాట సాక్ష్యానికి పనికిరాదు. భోజనశాలలో గోడవైపు బల్లమీద నాలుగు సీసాలున్నవి. ముందు లేబులు చదివి, ఆ తరువాత వడ్డించుకోండి.